ఇటుక లేని ఇంట్లో మూడేళ్లు

ఇంట్లో దిగిన వారానికి దేవుడి పటాలు పెట్టుకుందామని గోడకు మేకు కొట్టాం. మొదటిది వంగింది, రెండోది ఎగిరి వంటగదిలో పడింది. మా బావగారు తాపీ మేస్త్రి. ఆయన గోడను వేలితో తట్టి చూసి, "ఇది ఇటుక గోడ కాదమ్మా, స్లాబును నిలువుగా పోసినట్టుంది. సుత్తితో పని కాదు, డ్రిల్ మిషన్ తేవాలి" అన్నారు. ముప్ఫై ఏళ్లు గోడలు కట్టిన మనిషి, ఇటుక లేని ఇంటిని నమ్మడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది.

మాది తీరానికి దగ్గర్లోని ఓ పట్టణం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ టిడ్కో పట్టణాల్లోని పేదల కోసం కట్టించిన ఇళ్లలో 430 చదరపు అడుగుల రకం, రెండు పడక గదులు, పై అంతస్తు. 2022 దసరాకు పాలు పొంగించాం. అప్పటి నుంచి మూడు ఎండాకాలాలు, మూడు వానాకాలాలు చూశాను. ఈ ఇళ్ల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఏ ప్రభుత్వం ఎన్ని కట్టింది అన్న దగ్గరే ఆగిపోతారు. లోపల కాపురం ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఇంటికి కేంద్రం ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 1.5 లక్షలు ఇచ్చింది, రాష్ట్రం తన వాటా కలిపింది. 300 చదరపు అడుగుల ఇళ్లను 2020లో రూపాయికే ఇస్తామన్నారు. మా రకానికి మొదట లక్ష కట్టాలన్నారు, తర్వాత దాన్ని 50 వేలు చేశారు. ఆ పైన 3.65 లక్షల బ్యాంకు అప్పు. పాత ఇంటి అద్దె కంటే ఇప్పటి వాయిదా తక్కువే. ఇల్లు ఖాళీ చేయమంటారేమోనన్న టెన్షన్ పోవడం నాకు అన్నిటికన్నా పెద్ద లాభం. పాప ఒకే బడిలో వరసగా మూడేళ్లు చదవడం ఇదే మొదటిసారి.

ఇక గోడలు. షేర్‌వాల్ అంటారు. ఇనుప చువ్వల జాలీ నిలబెట్టి, రెండు వైపులా అల్యూమినియం పలకలు బిగించి, గోడలూ పైన స్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. కరెంటు పైపులు, స్విచ్ పెట్టెలు ముందే లోపల పెట్టేస్తారు. పలకలు ఊడదీసి, మనుషులే చేతులతో పై అంతస్తుకు అందించుకుని మళ్లీ బిగిస్తారు. ఇటుక వరసలు, ప్లాస్టరింగు అన్న పెద్ద పనులు తగ్గిపోతాయి కాబట్టి అంతస్తు వెంట అంతస్తు త్వరగా లేస్తుంది. పెద్ద నగరాల్లో ఎత్తయిన అపార్ట్‌మెంట్లకు వాడే పద్ధతే ఇది. అలాంటిది లక్షల మంది కూలీలు, ఆటోడ్రైవర్లు, టైలర్లు ఉండే ఇళ్లకు వచ్చిందంటే ప్రభుత్వ డబ్బు, ప్రభుత్వం ఒక్కసారే ఇచ్చిన పెద్ద ఆర్డరు వల్లనే. రాష్ట్రంలో మొత్తం 2,62,216 టిడ్కో ఇళ్లని లెక్క వేశారు. ఒక్క ఇంటి కోసం ఎవరూ ఆ అల్యూమినియం పలకలు కొనరు. వందల ఇళ్లకు తిప్పి తిప్పి వాడితేనే వాటి ఖరీదు గిట్టుబాటవుతుంది.

గట్టిదనం సంగతి మిచౌంగ్ తుపాను రోజు తెలిసింది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. రేకుల ఇంట్లో పెరిగినదాన్ని, గాలి మొదలైతే నాకు నిద్ర పట్టదు. ఆ రాత్రి కిటికీ తలుపులు కొట్టుకున్నాయి కానీ గోడలో ఎక్కడా చిన్న అదురు లేదు. మా అత్తయ్య నిశ్చింతగా నిద్రపోయారు.

పొద్దున లేచి చూస్తే పడకగది గోడ మీద రూపాయి బిళ్లంత తడి మచ్చలు నాలుగు, దాదాపు ఒకే వరసలో. పగులేమోనని భయపడ్డాను. బావగారు వచ్చి చూసి నిదానంగా చెప్పారు. కాంక్రీటు పోసేటప్పుడు రెండు పలకలూ విడిపోకుండా గోడకు అడ్డంగా రాడ్లు పెడతారు. పలకలు తీశాక అక్కడ చిల్లులు మిగులుతాయి. వాటిని గ్రౌటుతో, అంటే పలచటి సిమెంటు ముద్దతో, లోపలి దాకా నింపాలి. మా గోడకు పని చేసినవాళ్లు పైపైన పూసి వదిలేసినట్టున్నారు. బయటి వైపు నుంచి తొలిచి, మళ్లీ నింపించాక మచ్చలు రాలేదు. కానీ పై అంతస్తు బయటి గోడ అంటే పరంజా కట్టాలి, అందుకు 4 వేలు అయ్యాయి. కాంట్రాక్టరు మనుషులు ఫోన్ ఎత్తలేదు. కొత్తగా తాళాలు తీసుకునేవాళ్లకు ఒక మాట చెప్తాను: వాన పడ్డ రోజునే వెళ్లి బయటి గోడలు లోపలి నుంచి తడిమి చూడండి. ఎండలో చూస్తే ఏమీ తెలియదు.

అసలు కష్టం ఎండాకాలంలో. మా గోడ నాలుగంగుళాల కాంక్రీటు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆపినట్టు అది వేడిని ఆపదు. పడమటి గోడ, నెత్తిన స్లాబు పగలంతా వేడెక్కి, రాత్రి మనం పడుకునే వేళకు ఆ వేడిని లోపలికి వదులుతాయి. 2023 మే నెలలో రాత్రి పదిన్నరకు గోడకు చెయ్యి ఆనించలేకపోయాం. ఫ్యాను తిరిగితే పైనుంచి వడగాలే. అత్తయ్యకు తడి తువ్వాలు కప్పి, నేను పాపను తీసుకుని మెట్ల దగ్గర కూర్చున్నాను. ఆ నెలంతా ఈ ఇల్లు ఎందుకు తీసుకున్నామా అని నిజంగా అనుకున్నాను. కింది అంతస్తు వాళ్లకు ఈ బాధ సగం కూడా లేదు.

తర్వాతి మార్చిలో పై అంతస్తు ఎనిమిది ఇళ్లవాళ్లం కలిసి స్లాబంతా సున్నంలో జిగురు కలిపి రెండు కోట్లు వేయించాం. ఇంటికి 900 పడింది. పడమటి కిటికీకి వెదురు చాప కట్టాం. మధ్యాహ్నం రెండు గంటలకు మా హాల్లో థర్మామీటర్ అంతకుముందు 37 చూపించేది, సున్నం వేశాక అలాంటి ఎండలోనే 34 దగ్గర ఆగింది. మూడు డిగ్రీలేనా అనిపించొచ్చు. పడుకునేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. ఇలా పైకప్పు వేడెక్కకుండా చూసేందుకు తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఇల్లు కట్టేటప్పుడే ఆ తెల్ల పూత వేసి ఇస్తే మాకు ఒక మే నెల నరకం తప్పేది.

ఇదే నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. కొత్త పద్ధతులకు ప్రభుత్వం డబ్బు పెట్టడం మంచిదే, ఇంకా పెట్టాలి. 2021 జనవరి 1న ఇండోర్, రాజ్‌కోట్, చెన్నై, రాంచీ, అగర్తలా, లక్నోల్లో లైట్ హౌస్ ప్రాజెక్టులు అనే కేంద్రం నమూనా ఇళ్లకు శంకుస్థాపన చేశారు. ఆరు ఊళ్లు, ఆరు రకాల కొత్త నిర్మాణం. చెన్నైలో ముందే పోతపోసిన కాంక్రీటు భాగాలు తెచ్చి బిగించి 1,152 ఇళ్లు కట్టారు. మన రెండు రాష్ట్రాలకు ఆ ఆరింటిలో ఒక్కటీ రాలేదు. ఇప్పుడు పట్టణ ఆవాస్ యోజన రెండో విడతలో కొత్త టెక్నాలజీతో కట్టే ఇళ్లకు చదరపు మీటరుకు 1000 రూపాయలు అదనంగా ఇస్తామన్నారు. చాలా మంచి మాట. కానీ ఆ డబ్బు ఇల్లు ఎంత వేగంగా లేచిందో చూసి ఇచ్చేస్తే మా స్లాబు కథే మళ్లీ నడుస్తుంది. అందులో కొంత ఆపి, జనం దిగి రెండు వేసవులు, రెండు వానలు గడిచాక, ఇళ్లలోకి వచ్చి వేడి కొలిచి, చెమ్మ చూసి, అప్పుడు ఇవ్వాలి. ఈ మూడేళ్లలో గోడ ఎలా ఉందని మమ్మల్ని అడగడానికి ఒక్కరూ రాలేదు. అడిగితే ఈ బ్లాకులో 32 ఇళ్లవాళ్లం చెప్పగలం, తర్వాత కట్టే ఇల్లు బాగుపడుతుంది.

మిగతావి క్లుప్తంగా. ఒకసారి కట్టాక మార్పులు కుదరవు. గోడే ఇంటి బరువు మోస్తుంది కాబట్టి తలుపు జరపడం, గది కలపడం మర్చిపోవాలి. కొత్త స్విచ్ కావాలంటే గోడ పైన వైర్లు దాచే కేసింగ్ పట్టీ వేసుకోవాల్సిందే. పటాలకు డ్రిల్, ఫిషర్ (చిల్లులో పెట్టే ప్లాస్టిక్ గొట్టం), స్క్రూ. మేకు మాట ఎత్తొద్దు. కింద రోట్లో పచ్చడి నూరితే మాకు వినిపిస్తుంది. మా బ్లాకుకు లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య వారానికి ఒకసారే కిందికి దిగుతారు. పెద్దవాళ్లుంటే, అడిగే వీలుంటే కింది అంతస్తు అడగండి. చెదలు లేవు, ఎలుకలు లేవు, గోడ పెచ్చులూడలేదు, స్లాబులో చువ్వలు ఎక్కడా బయటపడలేదు.

ఈ ఇంటిని మళ్లీ ఇస్తే తీసుకుంటాను. పై అంతస్తు మాత్రం తీసుకోను.

2025 మార్చిలో సున్నం మళ్లీ వేయించాం. వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. ఈసారి కింది మూడు అంతస్తుల వాళ్లూ తలా 200 ఇచ్చారు. బావగారు కూలి తీసుకోకుండా ఆయనే పైకెక్కి వేశారు. దిగి వచ్చాక హాలు గోడకు వీపు ఆనించి కూర్చుని, మంచినీళ్లు అడిగి, "గోడ మాత్రం గట్టిదేనమ్మా" అన్నారు.