సియాటిల్ స్ట్రిప్ క్లబ్‌కి ఆరేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాం, నా రివ్యూ

అమ్మాయిలు బట్టలు విప్పుతూ డ్యాన్స్ చేసే క్లబ్ అది, పేరు మాత్రం రాయను, 2019లో వెళ్ళినప్పుడు అక్కడ విన్నవి కొన్ని మంచివి కావు. సిటీకి ఉత్తరాన, హైవే పక్కనే. మొన్న ఫ్రెండ్ పెళ్ళికి ముందు పార్టీ అని ఐదుగురం అమ్మాయిలం వెళ్ళాం.

ఎంట్రీ 20 డాలర్లు, సౌండ్ బాగుంది, ఫ్రైస్ చల్లారిపోయి వచ్చాయి. ఈసారి బార్ ఉంది. అప్పట్లో చుక్క మందు ఉండేది కాదు, సియాటిల్ ఉన్న వాషింగ్టన్ స్టేట్‌లో ఇలాంటి క్లబ్‌లకి లిక్కర్ లైసెన్స్ ఇచ్చేవాళ్ళు కాదు, కోక్ 10 డాలర్లు పెట్టి తాగాం. తాగి గోల చేసేవాళ్ళుండరు, మంచిదేలే అనుకున్నా. ఆ రాత్రే ఒక డ్యాన్సర్ మా టేబుల్ దగ్గర కూర్చుని చెప్పింది, మందు అమ్ముకోలేని క్లబ్ డబ్బు ఎవరి దగ్గర లాగుతుంది, మా దగ్గరే కదా అని. జీతం లేదు, పైగా షిఫ్ట్‌కి వచ్చినందుకు తనే క్లబ్‌కి హౌస్ ఫీ కట్టాలి. మన దగ్గర అద్దె ఆటో తోలేవాళ్ళు బేరాలు తగిలినా తగలకపోయినా సాయంత్రానికి ఓనర్ చేతిలో డబ్బులు పెట్టాల్సిందే కదా, అచ్చం అదే. జనం లేని రోజైతే ఉల్టా బాకీ పడేది, ఆ బాకీ తర్వాతి షిఫ్ట్ మీద ఎక్కేది, మళ్ళీ డీజేకి, బౌన్సర్లకి టిప్పులు వేరే.

2024 మార్చిలో స్టేట్ కొత్త చట్టం చేసింది. స్ట్రిప్పర్స్ ఆర్ వర్కర్స్ (మేమూ కార్మికులమే) అనే పేరుతో డ్యాన్సర్లే గ్రూపు కట్టి సాధించుకున్నారు, నాకైతే చాలా గొప్పగా అనిపించింది. ఆ చట్టంలో పెట్టిన లెక్క ప్రకారం ఫీ షిఫ్ట్‌కి 150 డాలర్లు లేదా టిప్పులు కాక ఆ రోజు సంపాదనలో 30 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు, పాత బాకీలు మోయించకూడదు. మందు లైసెన్స్ దారి తెరుచుకుంది కూడా దీంతోనే.

బాత్రూమ్‌కి వెళ్తుంటే డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి నంబర్ల లాక్ కనబడింది, అది కూడా చట్టంలో ఉన్నదే. అక్కడే రెండు నిమిషాలు ఆగిపోయా. చిన్నప్పుడు మా ఊరి తీర్థంలో రికార్డింగ్ డ్యాన్స్ పెట్టేవాళ్ళు, స్టేజీ వెనకాల టార్పాలిన్ చాటున ఆ అక్కలు బట్టలు మార్చుకుంటుంటే కుర్రోళ్ళు పట్టా ఎత్తి చూసేవాళ్ళు, పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు, ఒక్కళ్ళూ తప్పని అనలేదు. ఒక తాళం ఎంత పెద్ద విషయమో ఆ అక్కల్ని అడగాలి.

వెళ్ళేవాళ్ళకి ఒకటి రెండు చెప్తా. స్టేజీ చుట్టూ ఉన్న కుర్చీల్లో కూర్చుంటే ప్రతి పాటకీ డబ్బు పెట్టాలి, ఊరికే చూడాలంటే వెనక టేబుళ్ళున్నాయి. ఫోన్ బయటికి తీయొద్దు. క్యాష్ ఇంటి దగ్గర్నుంచే పట్టుకెళ్ళండి, లోపల ఏటీఎం ఒక్కసారికే 9 డాలర్లు కోసింది, అది డ్యాన్సర్ చేతికెళ్తే ఎంత బాగుండేది.

మా పెళ్ళికూతురికి డ్యాన్స్ చేసిన అమ్మాయిని ఈరోజు ఫీ అయిపోయిందా అని అడిగా. కస్టమర్ నోట ఆ మాట విని కాస్త ఆశ్చర్యపోయి, పదకొండింటికే కట్టేశా, ఇక వచ్చేదంతా నాదే అంది. నావి నాలుగు స్టార్లు, ఒకటి ఆ ఏటీఎంకి తీసేశా.