సాగర్ వెనక జలాల్లో ఇంట్లో కట్టుకున్న ప్లైవుడ్ పడవ: కొన్నేళ్లు వాడాక

చేపల కోసమే అయితే ఈ పడవ కట్టుకోవద్దు. ఈ మాట ముందే చెప్పాలి. దీని ఫొటో చూసి ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది అడిగేది "ఎన్ని కిలోలు పడతయన్నా?" అనే. వల వేసి చేపలు పట్టడానికి మన కృష్ణలో పుట్టిని, అంటే గుండ్రటి బుట్ట పడవను, మించింది లేదు. నీళ్ల మీద ఒకటి రెండు రాత్రులు ఉండి, వండుకొని తిని, కాళ్లు చాపుకొని పడుకొని, నడుమ గాలం వేసుకోవాలంటే మాత్రం ఇలాంటి పడవే కావాలి. పుట్టిలో పడుకోలేం కదా.

మాది దేవరకొండ వైపు. పడవ ఎక్కువగా తిరిగేది నాగార్జునసాగర్ వెనక జలాల్లో, నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ, కాసరాజుపల్లి చుట్టుపక్కల. అప్పుడప్పుడు ట్రాక్టర్ ట్రాలీలో వేసుకొని కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు, అంటే శ్రీశైలం వెనక జలాలకు కూడా తీసుకెళ్తాం.

మా బావమరిది వడ్రంగి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇద్దరం కలిసి కట్టాం. 12 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, చదునైన అడుగు, 6 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్. పలకలు కోసి, అంచుల వెంట సన్న రంధ్రాలు పెట్టి, రాగి తీగతో కుట్టాం. లోపలి మూలల్లో సన్నటి రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు లాంటి రెసిన్) మెత్తి, అది గట్టిపడ్డాక తీగలు కత్తిరించేసి, అతుకుల మీద గ్లాస్ ఫైబర్ పట్టీ పరిచి మళ్లీ రెసిన్ పట్టించాం. అతుకుల్లో మేకు ఒక్కటి లేదు. షీటు 8 అడుగులే వస్తుంది కాబట్టి 12 అడుగులకు జోడు తప్పదు. రెండు అంచులనూ 1:8 వాలుగా, అంటే 6 మిల్లీమీటర్ల మందానికి 48 మిల్లీమీటర్ల వాలు వచ్చేలా చిత్రిక పట్టి ఒకదాని మీద ఒకటి అంటించాడు మావాడు. ఇన్నేళ్లలో పడవకు ఎక్కడెక్కడో దెబ్బలు తగిలాయి గానీ ఆ జోడు మాత్రం చెక్కు చెదరలేదు.

ప్లైవుడ్ దగ్గర మాత్రం ఎవరినీ నమ్మొద్దు. షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి ఉన్న భారత ప్రమాణం) అని ముద్ర ఉంటే మెరైన్ ప్లై అని లెక్క. ఒక షాపులో ముద్ర ఉన్న షీటే చూపించారు. అరచేయంత ముక్క అడిగి తెచ్చి, కట్టెల పొయ్యి మీద పాత గిన్నెలో ఉడకబెట్టాం. అత్తమ్మ వచ్చి మూత తీసి చూసి "ఏంది, కట్టె కూర వండుతున్నరా?" అంది. మధ్యాహ్నం అన్నాలు తినే వేళకే ఆ ముక్క అంచున పొరలు ఉబ్బి, గోరు పెడితే విడిపోయి వచ్చాయి. అసలు మెరైన్ ప్లై 72 గంటలు మరిగినా జిగురు వదలకూడదు, ప్రమాణమే అది. వేరే షాపు నుంచి తెచ్చిన ముక్కను మర్నాటి దాకా ఉడికించినా రంగు మారిందే తప్ప పొర కదల్లేదు. దాన్నే కొన్నాం. ఖరీదు ఎక్కువే. అయినా మొత్తం లెక్క చూసుకుంటే ప్లైవుడ్ కంటే రెసిన్‌కూ గ్లాస్ గుడ్డకూ అయిందే ఎక్కువ.

రెసిన్ సంగతి కూడా చెప్పాలి. నీళ్ల ట్యాంకులు, కుర్చీలు చేసేవాళ్లు వాడే పాలిస్టర్ రెసిన్ చవక. కానీ చెక్కను అది ఎపాక్సీ పట్టినంత గట్టిగా పట్టదు, కొన్నాళ్లకు పెచ్చు లేస్తుంది. ఎపాక్సీకి పెద్ద శత్రువు మన ఎండ. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం మగ్గులో కలిపితే బ్రష్షు ముంచేలోపే పొగలు కక్కి మగ్గుతో సహా గడ్డకడుతుంది. కొంచెం కొంచెం కలిపి వెడల్పాటి ట్రేలో పోసుకోవాలి, లేదంటే చలికాలం పొద్దున పూట చేసుకోవాలి. ఇంకొకటి, ఎండ తగిలితే ఎపాక్సీ పాడవుతుంది. పైన రంగు వేయక తప్పదు. మేం లేత బూడిద రంగు వేశాం. ముదురు నీలం అందంగానే ఉంటుంది గానీ మే నెలలో దాని మీద చేయి పెట్టి చూడండి తెలుస్తుంది.

ఇక వాడకం. వైజాగ్ కాలనీ అంటే డ్యామ్ కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాల ఊరు. వలలకు లైసెన్స్ ఉన్న అక్కడి పెద్దాయన ఒకరు ఓ సాయంత్రం తన వల తెచ్చి మా పడవలో వేసి చూశారు. వేసేటప్పుడు బాగానే ఉంది. తెల్లవారి లాగేటప్పుడు మొదలైంది తంటా. మా పడవ అంచు నీటికి ఎత్తుగా ఉంటుంది. నిలబడి లాగితే నడుము పట్టేస్తుంది, వంగితే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. కాస్త గాలి వీస్తే చాలు, పక్క పలకలను తోసుకుపోతుంది, వల బిగుసుకుంటుంది. వలకు కట్టిన తేలే బెండ్లు ఒక్కొక్కటే వచ్చి మోటారు బిగింపుకు చిక్కుకుంటున్నాయి. పుట్టిలో ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక చేత్తో తెడ్డు ఆడిస్తూ ఇంకో చేత్తో వల తీస్తారు, చేపను వల కంటిలోంచి విడదీయడం కూడా ఆ చేత్తోనే. మా దాంట్లో ఒకరు తెడ్డు పట్టి, ఒకరు లాగి, ఒకరు విడదీసినా పని సగమే అయింది. ఆయన చేతులు కడుక్కుంటూ, "ఇది పడవ కాదు బాబూ, ఇల్లు. ఇంట్లో కూర్చుని వల లాగుతారా ఎవరైనా?" అన్నారు. ఆ మాటతో మేం కూడా దాన్ని ఇల్లులా చూడటం మొదలుపెట్టాం, అప్పటినుంచి సుఖంగా ఉంది.

రాత్రి ఉండటానికి గట్టు కంటే పడవే మంచిది అనడానికి ఇక్కడ కారణాలున్నాయి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మన నల్లగొండ జిల్లాలోకి కూడా వస్తుంది, ఒడ్డున డేరా వేయాలనే ఆలోచన పెట్టుకోవద్దు. కృష్ణలో మొసళ్లు ఉన్నాయి, అందుకని చేపలు పడవ పక్కన నీళ్లలో కాళ్లు పెట్టుకుని కోయం, బకెట్లో కోసి పేగులు దూరంగా పారేస్తాం. ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే దోమలు కూడా తక్కువ. లైటు మాత్రం వానాకాలం అసలు వెలిగించొద్దు. ఉసిళ్లు వచ్చి అన్నంలో పడతాయి.

అడుగు చదునుగా ఉన్నందుకు కూర్చున్నా నిలబడ్డా పడవ ఊగదు. ఆ సుఖానికి రాత్రి మూల్యం చెల్లించాలి. చిన్న అల వచ్చినా అడుగు పలకకు టప్ టప్ మని కొడుతుంది, చెవి సరిగ్గా ఆ పలక మీదే ఉంటుంది. లంగరు పక్కన కట్టకుండా ముక్కుకు కట్టి, కొండ చాటున ఆగితే చాలావరకు తగ్గింది. రెండు అంగుళాల నురుగు పరుపు వేశాక నిద్ర పట్టింది. చలికాలం ఇంకో తిప్పలు. టార్పాలిన్ కింద మన ఊపిరికే తేమ పట్టి, తెల్లవారుజామున చుక్క చుక్క మొహం మీద పడుతుంది. రెండు చివరలా గాలి ఆడేలా వదిలేస్తే చలి వేస్తుంది గానీ పక్క తడవదు. నేను చలికే ఓటు వేస్తాను. మావాడు దుప్పటి నెత్తి మీదికి లాక్కుని తడుస్తూనే పడుకుంటాడు.

వంటకు చిన్న సిలిండర్ స్టవ్వు. గాలికి మంట నిలవదు, నూనె డబ్బా రేకు వంచి చుట్టూ అడ్డం పెట్టాం. సిలిండర్ పడవ అడుగు భాగంలో ఉంచం. గ్యాస్ కారితే అది గాలి కంటే బరువు, అడుగులో చేరి ఉండిపోతుంది. జొన్న రొట్టెలు ఇంటి నుంచే వస్తాయి, చింతపండు, కారం డబ్బా పడవలోనే ఉంటాయి. ఫ్లోరైడ్ బోరు నీళ్ల బాధ చూసిన జిల్లా మాది, చుట్టూ ఇన్ని కృష్ణ నీళ్లుంటే తాగడానికి క్యాన్ మోసుకెళ్లడం ఏంటని నవ్వుతారు. అయినా మోసుకెళ్తాం. వంటకు మాత్రం ఏటి నీళ్లే.

పడే చేపల్లో జిలేబి ఎక్కువ. గాలానికి ఎర్ర (వానపాము) గుచ్చితే పిల్లలు కూడా పట్టేస్తారు. బొచ్చెకు తవుడు, గోధుమపిండి ముద్ద, ఓపిక కావాలి. వాలుగ కావాలంటే బతికున్న చిన్న చేపను గుచ్చి, చీకటి పడేటప్పుడు మొద్దుల పక్కన వదలాలి. అది పట్టిందంటే పన్నెండు అడుగుల పడవను కూడా కొంతదూరం లాగుతుంది, పళ్లు చేతికి తగలకుండా చూసుకోవాలి. సోమశిల వైపు వెళ్లినప్పుడు అక్కడి మత్స్యకారులు ఎప్పుడూ చెప్పే గోడు అలివి వలల గురించే. సన్న కంటి ఆ వలలు నిషేధమైనా వేస్తున్నారనీ, వేలెడంత పిల్లలను కూడా ఊడ్చేస్తే రేపు గాలానికేం మిగులుతుందనీ వాళ్ల బాధ. వాళ్ల మాట సబబే అనిపించింది.

సోమశిల దగ్గర నీళ్ల వెడల్పు ఎక్కువ. ఎండాకాలం మట్టం తగ్గినప్పుడు అవతల సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. చూడాలని అందరికీ ఉంటుంది గానీ జూన్, జూలై గాలుల్లో ఇలాంటి చదును పడవతో ఆ వెడల్పు దాటే సాహసం చేయొద్దు. అల చిన్నదే, కానీ ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా వచ్చి ముక్కు మీంచి నీళ్లు లోపల పోస్తుంది. ముక్కు దగ్గరా, వెనక బెంచీ కిందా థర్మకోల్ దిమ్మలు పెట్టి మూసేశాం, నిండినా మునగదు. పరీక్షించాం కూడా, నడుం లోతు నీళ్లలో నిండా నీళ్లు పోసి. అయినా లైఫ్ జాకెట్ విప్పం.

సాగర్‌లో అసలు పాఠం నీటి మట్టం. నిండితే 590 అడుగులు, కాల్వలకు నీళ్లు అందడానికి కనీసం 510 ఉండాలి అంటారు. ఈ తేడాలో ఒడ్డు ఎక్కడికెక్కడికో జరుగుతుంది. యాసంగి పంటకు నీళ్లు వదిలాక గట్టున కట్టిన పడవ వారం తిరక్కుండానే బురద మీద కూర్చుంటుంది. ఆగస్టులో శ్రీశైలం గేట్లు ఎత్తితే దానికి ఉల్టా. పొట్టి తాడు కట్టి పోతే పెరిగిన నీళ్లు ముక్కును కిందికి లాగి పట్టుకుంటాయి. పొడుగు తాడు, దానికి తోడు వెనక నుంచి ఇంకో లంగరు, ఇదే మా పద్ధతి.

మోటారు 5 హార్స్‌పవర్ పెట్రోలుది. మట్టం తగ్గినప్పుడు నీళ్ల కింద పాత చెట్ల మొద్దులు మోటారు ఫ్యాను (నీళ్లను తోసే రెక్కలు) ఎత్తుకు వచ్చేస్తాయి. అందుకే ఫ్యాను దగ్గరి చిన్న పిన్ను విరగడానికే పెట్టారు, అది విరిగితే గేరు బతుకుతుంది. స్పేర్ పిన్నులు, ప్లయర్ తాడుతో కట్టి పెట్టుకోండి. చీకట్లో నీళ్లలో పడిన ప్లయర్ మళ్లీ దొరకదు. నాచు ఎక్కువున్న చోట నీళ్లు పీల్చే జాలీ మూసుకుపోయి మోటారు వేడెక్కుతుంది, వెనక నుంచి సన్న ధార వస్తోందా లేదా అని చూస్తూ ఉండాలి. సముద్రం కాదు కాబట్టి ఉప్పు తుప్పు లేదు, ఆ సంగతిలో మనం అదృష్టవంతులం. మోటారు బిగించే ముందు రిజిస్ట్రేషన్ సంగతి, చేపలకు లైసెన్స్ సంగతి మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. వానాకాలం చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో నిషేధం ఉంటుంది, అప్పుడు పడవ షెడ్డులోనే.

ఇన్నేళ్ల అరుగుదల అడిగితే, అడుగు ముందు భాగం రాళ్ల మీదికి లాగి లాగి రెసిన్ దాకా గీరుకుపోయింది. ఏటా డిసెంబరులో గీకి, ఒక పొర వేసి రంగు పూస్తాం. ఇంకా పెద్దది వెనక పలక. మోటారు బిగించిన బోల్టు రంధ్రంలోంచి నీళ్లు దిగి, లోపల చెక్క మెత్తబడింది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే దిగింది. ఆ మేరకు కోసేసి, ఎండబెట్టి, కొత్త ముక్క అంటించి, రంధ్రాన్ని పెద్దది చేసి ఎపాక్సీతో నింపి అందులోంచి మళ్లీ బోల్టుకు తొలిచాం. ఇలా చేస్తే బోల్టు చెక్కను తాకదు. పాత ప్లై పడవ ఎవరైనా అమ్మజూపితే మీరు ముందు పొడిచి చూడాల్సింది అక్కడే.

మా బావమరిది ఇప్పుడు 14 అడుగుల దానికి గీతలు గీస్తున్నాడు. ఐదడుగుల వెడల్పు కావాలంటాడు, ట్రాలీలో పట్టదంటాను నేను, ఆ పంచాయితీ తెగలేదు. వెనక పలక మాత్రం ఈసారి మూడు పొరలు అనేది ఇద్దరం ఒప్పుకున్నాం.