మాల్టా వెళ్లి సముద్రంలో కాలు పెట్టకుండా వచ్చాం

మార్చిలో మాల్టా, అదే మధ్యధరా సముద్రంలోని చిన్న ద్వీపదేశం, అనగానే ఆఫీసులో అందరూ నవ్వారు, ఆ చల్లటి నీళ్లలో ఏం చేస్తారని. నీళ్ల కోసం కాదులే అన్నాను. మ్యూనిక్ నుంచి రెండున్నర గంటల ఫ్లైట్, మొత్తం ఐదు రాత్రులు. రెండు స్లీమా పట్టణంలో, మూడు గోజో దీవిలో.

స్లీమాలో వరసగా హోటళ్లు, వాటి మధ్య క్రేన్లు, అంతే. ఉన్న సుఖమల్లా రేవులో పడవెక్కితే కాసేపట్లో రాజధాని వలెట్టాలో దిగడం. అక్కడ సెయింట్ జాన్ కో-కెథడ్రల్‌కి కనీసం రెండు గంటలు పెట్టుకోండి. నేలంతా దాదాపు 400 మంది నైట్ల (ఒకప్పుడు మాల్టాని ఏలిన క్రైస్తవ యోధుల) సమాధి పలకలు, రంగురంగుల పాలరాయిలో పుర్రెలూ ఎముకలూ. ఆ రాయి పాడవుతుందని సన్న మడమల చెప్పులతో లోపలికి రానివ్వరు. బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదం చిత్రం ఉన్నదీ అక్కడే. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో వేశాడు, ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే, ఆ సంతకం కూడా యోహాను మెడ నుంచి కారిన నెత్తుట్లో ఉంటుంది. తెలియకపోతే కనపడదు, నేనే ముందు దాటిపోయి మళ్లీ వెనక్కొచ్చాను.

ఈ ట్రిప్‌లో ముందే బుక్ చేసి తీరాల్సింది హాల్ సఫ్లియెని హైపోజియం. 1902లో నీళ్ల తొట్టి కోసం తవ్వుతుంటే బయటపడిన భూగర్భ శ్మశానం, మూడు అంతస్తులు, అన్నీ రాతిని తొలిచినవే, ఐదు వేల ఏళ్ల పైమాట. మన ఊపిరికి లోపలి ఎర్ర మట్టి ముగ్గులు చెడిపోతాయని విడతకి పది మందిని, రోజుకి 80 మందినే పంపుతారు. మేము రెండు నెలల ముందు తీసుకున్నాం, తలకి 35 యూరోలు. ఫోన్, బ్యాగ్ అన్నీ లాకర్లో పెట్టేయాలి. ఫోటో లేదు కాబట్టి చెప్తే ఎవరూ నమ్మరు గానీ, కప్పు మీద ఆ ఎర్రటి సుడులు చూస్తుంటే పక్కన మా ఆయన కూడా మాట్లాడలేదు. అది చిన్న విషయం కాదు.

ఆయన ఆరేళ్లు దుబాయ్‌లో చేసిన మనిషి. బేకరీలో రొట్టెని హొబ్జ్ అనడం విని, ఇది మన ఖుబూసే (అరబ్బుల రొట్టె) కదా అని ఎగిరి గంతేశారు. ఇక్కడి భాష మాల్టీస్ అరబిక్‌కి చుట్టమే, రాసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో. తిండికి శాకాహారులు బఠాణీ పస్టిట్సీ (మన పఫ్ లాంటిది) మీద బతకొచ్చు, ఒకటి యూరో లోపే దొరికింది, కానీ పిండిలో పంది కొవ్వు కలుపుతారేమో అడిగి మరీ తినండి.

బస్సులు చవకే గానీ నిండితే స్టాపులో ఆగవు. మూడు బస్సులు చెయ్యి ఊపుతుండగానే వెళ్లిపోయాయి, గోజో వెళ్లే రోజు టెన్షన్ అంతా అదే. గోజో ఓడకి వెళ్లేటప్పుడు టికెట్ ఉండదు, తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు. తెలియక కౌంటర్ కోసం పావుగంట వెతికాం.

గోజోలో జ్గంతియా గుళ్లు పిరమిడ్ల కన్నా పాతవి. ఒక రాక్షసి చంటిబిడ్డని భుజాన వేసుకుని ఆ బండలు మోసిందని అక్కడివాళ్లు చెప్తారు. నాకు అంతకన్నా నచ్చింది ష్వేయ్‌నీ దగ్గర ఉప్పు మళ్లు. మాది చినగంజాం పక్క ఊరు, ఉప్పు కొటార్లు చూస్తూ పెరిగాను, కానీ మనవి మట్టి మళ్లు. ఇక్కడ ఒడ్డున సున్నపురాయినే గళ్లుగళ్లుగా చెక్కేశారు. మార్చి కాబట్టి ఉప్పు తీయడం లేదు, గళ్లల్లో వాన నీళ్లే. వంగి చూస్తే అంచుల్లో ఉలి గీతలు ఇంకా ఉన్నాయి, వేళ్లతో తడిమితే గరుగ్గా తగులుతాయి.

ఇక బస. గోజోలో పాత రాతి ఇల్లు తీసుకున్నాం, ఫోటోల్లో స్వర్గం. లోపల మాత్రం బయటికన్నా చలి, దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, హీటర్ కరెంటు విడిగా కట్టాలని వెళ్లే రోజు మీటర్ చూపించారు. బుక్ చేసిన పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉందట. అయినా స్లీమా హోటల్లో ఇంకో రాత్రి ఉండమంటే ఉండను, ఆ ఇంట్లో అయితే మే నెలలో వారం ఉంటాను.