దెబ్బ తగిలి తిరిగొచ్చేవాళ్లకి ఏది మేలు: పూర్తి రెస్టా, లైట్ డ్యూటీనా, సగం పూటా?

గోడౌన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని కాబట్టి ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మా టీమ్‌లో ఒకతనికి నడుం పట్టేసింది, పూర్తిగా తగ్గేదాకా రావద్దందామా, ఏదో తేలిక పని ఇచ్చి రమ్మందామా, లేక తన పనే సగం పూట చేయిద్దామా అని. కిందటేడు నా మణికట్టు విరిగింది కాబట్టి రెండువైపులా నిలబడి చూసిన అనుభవం ఉంది.

పూర్తి రెస్టు తప్పనిసరి అయిన సందర్భాలు ఉన్నాయి. ఎముక అతుక్కోలేదు, ఆపరేషన్ కుట్లు మానలేదు, మత్తొచ్చే మాత్రలు వేసుకుంటూ ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాలి, ఇలాంటివాటిలో చర్చే లేదు. చిక్కల్లా నడుం పట్టేయడం, కండరాల నొప్పుల దగ్గరే. హెల్సింకి నగర ఉద్యోగుల మీద చేసిన పరిశోధన ఒకటి 1995లో వచ్చింది. నడుం నొప్పి కొత్తగా మొదలైనవాళ్లలో కొందరిని రెండ్రోజులు మంచం మీద ఉండమన్నారు, కొందరితో వ్యాయామాలు చేయించారు, మిగతావాళ్లని నొప్పి ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకోమన్నారు. అందరికన్నా బాగా కోలుకుంది ఈ చివరివాళ్లు, ఆలస్యమైంది మంచమెక్కినవాళ్లకి. నా చేతి సంగతి చెప్తాను. 6 వారాలకి కట్టు విప్పితే ముంజేయి రెండో చేతిలో సగమైపోయింది. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది, కానీ కార్టన్ మీద టేపు చింపడానికి కూడా వేళ్లలో పట్టు లేదు. ఇంట్లో ఇంకో నెల కూర్చుంటే ఆ పట్టు దానంతటదే వచ్చేది కాదు.

లైట్ డ్యూటీ అనే మాట వినడానికి బాగుంటుంది. చాలా చోట్ల దానర్థం గేటు దగ్గర కుర్చీ, చేతిలో రిజిస్టర్. భుజానికి దెబ్బ తగిలిన మావాడొకణ్ని అలాగే కూర్చోబెట్టాం, తప్పు నాదే. పది రోజులయ్యాక వచ్చి "అన్నా, నన్ను పనికి పిలిచారా, వచ్చేపోయేవాళ్లు చూడ్డానికి కూర్చోబెట్టారా?" అన్నాడు. ఎన్నాళ్లు కూర్చోవాలో అతనికీ తెలీదు, నాకూ తెలీదు. పైగా అతని వంతు బరువులు మిగతావాళ్ల మీద పడ్డాయి, మనిషిని అదనంగా ఇచ్చిందీ లేదు, ఇక వాళ్ల సణుగుడు వేరే.

నా ఓటు మూడోదానికే, అంటే తన పనే తక్కువ గంటలు చేయడానికి. నేను రెండు వారాలు 4 గంటలు, ఇంకో రెండు వారాలు 6 గంటలు చేసి, అయిదో వారంలో పూర్తి షిఫ్ట్‌కి వచ్చాను. ఫిన్లాండ్‌లో 63 మందితో చేసిన ఒక ట్రయల్ 2012లో వచ్చింది. పని గంటలు దాదాపు సగానికి తగ్గించినవాళ్లు మామూలు పనిలో మళ్లీ నిలదొక్కుకోవడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 12 రోజులు, పూర్తి సెలవు తీసుకున్నవాళ్లకి 20. చిన్న ట్రయలే, కాదనను. అయితే జీతం మాట ముందే తేల్చుకోవాలి. సగం పూట వస్తే సగం జీతం, ఇంట్లో ఉంటే పూర్తి మెడికల్ లీవ్ డబ్బులు అన్నచోట ఎవరొస్తారు? ఆ దేశంలో 2007 నుంచి పాక్షిక అనారోగ్య భత్యం ఉంది కాబట్టి అక్కడ ఈ పద్ధతికి దారి దొరికింది.

ఇంత చెప్పినా, గంటలు తగ్గించడం అందరికీ పనికొస్తుందనను. అసలు తేల్చేది ఒక్క ప్రశ్న: నొప్పి పని చేయగా చేయగా వస్తుందా, ఫలానా కదలిక చేయగానే వస్తుందా? పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నానికి లాగేస్తోందంటే గంటలు తగ్గించండి. చెయ్యి భుజం పైకి లేపగానే కలుక్కుమంటోందంటే 4 గంటలైనా 8 గంటలైనా హాని అదే, తీసేయాల్సింది ఆ కదలికని. ఇది డాక్టర్ కాగితంలో దొరకదు, ఎందుకంటే మన పనేమిటో ఆయనకి తెలీదు. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్ నుంచి ఆ కాగితంలో, పనికి రాకూడదు అన్నదాంతో పాటు, ఫలానా మార్పులు చేస్తే రావచ్చు అని రాసే వీలు కూడా పెట్టారు. మనమైతే ఎంత బరువు, ఎంత ఎత్తు, రోజుకి ఎన్నిసార్లు అన్నది ఓ కాగితం మీద రాసి పేషెంట్ చేతికిచ్చి పంపితే చాలు, డాక్టర్ జవాబే మారిపోతుంది.

వర్క్ ఫ్రమ్ హోమ్ ఆఫీసు పనివాళ్లకి సరే, బరువులెత్తేవాళ్లకి ఏం లాభం? శాశ్వతంగా వేరే పనికి మార్చడం ఇవన్నీ అయ్యాక చూసుకోవాల్సిన సంగతి.

మీరు ఏది ఎంచుకున్నా ఏం చేయకూడదు, ఎన్ని గంటలు, మిగిలిన పని ఎవరిది, మళ్లీ ఏ తేదీన చూద్దాం, ఈ నాలుగూ రాసుకోండి. లైట్ డ్యూటీ చెడేది ఎక్కువగా ఆ తేదీ లేకే.

గేటు దగ్గర కూర్చోబెట్టిన మావాణ్ని, నొప్పి ఎప్పుడొస్తోందన్న ఆ ప్రశ్న నేను అడిగింది పన్నెండో రోజున. "పై రాక్ అందుకున్నప్పుడే అన్నా, నడుం ఎత్తులో ఎంతసేపైనా చేస్తా" అన్నాడు. మర్నాటి నుంచి ప్యాకింగ్ టేబుల్ దగ్గర పూర్తి షిఫ్ట్ చేశాడు.