రొయ్యల గుంటల కట్ట మీద గేర్‌బాక్స్ వేడి: ఆయిల్ కూలర్‌తో మూడేళ్లు

విడవలూరు మండలంలో, రామతీర్థం వైపు మాకు రెండు చోట్ల రొయ్యల గుంటలున్నాయి. రెండింటికీ మధ్య తొమ్మిది కిలోమీటర్లు, డీజిల్ జనరేటర్ మాత్రం ఒక్కటే. రాత్రివేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే నీటిలో ఆక్సిజన్ పడిపోయి తెల్లవారేసరికి పంట పోతుంది కనుక, ట్రాలీతో కలిపి 1,600 కిలోలు తూగే ఆ జనరేటర్‌ను మా ఎస్‌యూవీకి తగిలించుకుని అవసరమైన చోటికి లాక్కుపోవడం నాలుగేళ్లుగా నా పని. బండి డీజిల్‌ది, ఆరు గేర్ల ఆటోమేటిక్. అందులో మామూలు క్లచ్‌కు బదులు, ఇంజను శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది. గేర్‌బాక్స్‌కు విడిగా ఆయిల్ కూలర్ పెట్టించి మూడేళ్లు దాటింది.

దాన్ని పెట్టించడానికి కారణం మొదటి ఏడాది రోహిణి కార్తెలో జరిగిన సంగతి. సముద్రం వైపు గుంటకు పోయే కట్ట ఇసుకదారిలో కిలోమీటరున్నర కూడా పోకముందే గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కిందని హెచ్చరిక దీపం వెలిగింది. పక్కన కూర్చున్న మా కుర్రాడు మీటరు చూసి, "ముల్లు సగంలోనే ఉంది కదన్నా, ఏం కాదు పోనీయ్" అన్నాడు. అతడు చూసింది ఇంజను నీటి వేడిని. గేర్‌బాక్స్ నూనె ఎంత కాగుతోందో ఆ ముల్లు చెప్పదు. వారం తర్వాత ఆ నూనె చుక్కనొకదాన్ని, కొత్త డబ్బాలోని చుక్కనొకదాన్ని తెల్లకాగితం మీద పక్కపక్కన వేసి చూశాను. కొత్తది దానిమ్మ రసంలా ఎర్రగా పరుచుకుంది. పాతది కాచిన బెల్లం రంగులో ముద్దగా నిలిచి, మాడు వాసన కొట్టింది.

ఈ వేడి ఎక్కడ పుడుతుందో తెలిశాకే నాకు దారి దొరికింది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను వైపు రెక్కలకూ గేర్‌బాక్స్ వైపు రెక్కలకూ మధ్య శక్తిని మోసేది నూనె ఒక్కటే. ఆ రెండూ ఒకే వేగంతో తిరగనంతసేపూ ఆ తేడా వల్ల వృథా అయ్యే శక్తి వేడిగా మారి నూనెలోకే చేరుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు లోపలి లాకప్ క్లచ్ రెంటినీ కలిపి పట్టేస్తుంది, ఎదురుగాలీ బాగా తగులుతుంది. అందుకే కోవూరు నుంచి కావలి దాకా ఇదే ట్రాలీని లాగినా నూనె 95 డిగ్రీలు దాటలేదు. కట్ట మీద గంటకు పది కిలోమీటర్ల వేగంలో లాకప్ పడదు, గాలీ ఉండదు, ఇసుక చక్రాలను వెనక్కి లాగుతుంటుంది. దూరం పోతే బండి పాడవుతుందని అందరూ అనుకుంటారు గానీ, నా బండికి ప్రమాదం ఆ చివరి రెండు కిలోమీటర్లలోనే ఉంది.

కూలర్ పళ్లాల రకం. ఏసీ కండెన్సర్ ముందు అమర్చి, నూనె ముందు రేడియేటర్‌లోని పాత కూలర్ గుండా పోయి, తర్వాత దీనిలో చల్లబడి గేర్‌బాక్స్‌కు తిరిగి వచ్చేలా కలిపించాను. కూలీతో సహా 14,000 రూపాయలయింది. దాన్ని బిగించకముందే ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలను చదివి ఫోనుకు పంపే చిన్న పరికరం) కొని నూనె వేడిని ఫోనులో చూడడం మొదలుపెట్టాను. మామూలు యాప్‌లలో చాలావరకు ఈ అంకె కనిపించదు, మీ బండి తయారీదారు కోడ్‌లు ఉన్న యాప్ కావాలి. ముందుగా కొనవలసింది ఈ రీడరే అని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అంకె కనిపించనిదే కూలర్ పనిచేస్తోందో లేదో ఎవరూ చెప్పలేరు.

అదే కట్ట మీద, అదే బరువుతో, కూలర్ లేకుండా 124 దాకా పోయిన నూనె కూలర్ పెట్టాక 112 దగ్గర ఆగింది. తర్వాత కట్ట ఎక్కేముందే ఫోర్ వీల్ లో రేంజిలో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంతో ఎక్కువ బలం ఇచ్చే గేరులో) వేసి, బండి టైర్ల గాలి 33 నుంచి 22కు దించి చూస్తే 98 దాటలేదు. లో రేంజిలో గేరు నిష్పత్తి పెరిగి కన్వర్టర్ మీద భారం తగ్గుతుంది, గాలి తగ్గిన టైరు ఇసుకలో తక్కువగా దిగబడుతుంది. పైసా ఖర్చు లేని ఈ పని 14,000 రూపాయల కూలర్ కంటే ఎక్కువ మేలు చేసిందని ఒప్పుకోవాలి. తారురోడ్డు ఎక్కేముందు మాత్రం తిరిగి హై రేంజిలోకి మార్చి, గాలి నింపడం మరువరాదు.

అంకె 110 దాటితే ఆగి, పార్క్‌లో వేసి, ఇంజను ఆపకుండా ఐదారు నిమిషాలు ఉంచుతాను. ఇంజను ఆపితే పంపు ఆగి, కాగిన నూనె కూలర్‌కు పోకుండా కన్వర్టర్‌లోనే నిలిచిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. ఎనిమిదో నెలలో బంపరు కింద ఎర్రటి చుక్క వేలాడుతుంటే చూసి విప్పితే, ఉప్పుగాలికి హోసు క్లాంపు తుప్పు పట్టి వదులై ఉంది. స్టెయిన్‌లెస్ క్లాంపులు వేయించాక మళ్లీ కారలేదు. ఎండాకాలంలో బండి నిలిచి ఉన్నప్పుడు ఏసీ చల్లదనం కొంత తగ్గింది. కూలర్ రెక్కల్లో చేరే మట్టినీ పురుగులనూ నెలకోసారి మంచినీళ్లతో, ఒత్తిడి లేకుండా కడుగుతున్నాను.

ఈ గేర్‌బాక్స్ నూనెను జీవితకాలం మార్చనక్కర్లేదని ఒక వర్క్‌షాపులో చెప్పారు. ఇంత బరువు లాగే బండికి ఆ మాట వర్తించదు. నేను 40,000 కిలోమీటర్లకు మారుస్తున్నాను. ఒకసారి దించితే పాత నూనె సగం కూడా రాదు కనుక, కొన్ని రోజుల తేడాతో మూడుసార్లు దించి పోయిస్తున్నాను. మొన్న మార్చినప్పుడు దిగిన నూనె ఎర్రదనం కొంత తగ్గినా మాడు వాసన లేదు.

ట్రాలీతో కట్ట మీదికి రివర్స్‌లో ఎక్కించడం ఒక్కటే ఇంకా లొంగలేదు. లో రేంజిలో వేసినా రెండు నిమిషాల్లో అంకె పది డిగ్రీలు పెరుగుతోంది. ఆ నలభై అడుగులూ ట్రాలీని ఊడదీసి పక్క గుంట వాళ్ల ట్రాక్టరుకు తగిలిస్తున్నాం.