కెనడా ఉచిత సెటిల్‌మెంట్ సేవ: లీజు మీద సంతకం పెట్టే ముందు వెళ్ళండి

పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద వచ్చినవాళ్ళకు సెటిల్‌మెంట్ ఆఫీసులు, అంటే కొత్తగా వచ్చినవాళ్ళు స్థిరపడడానికి సాయపడేవి, ఇల్లు చూసిపెడతాయా అని ఇండియా నుంచి బయల్దేరేవాళ్ళు అడుగుతుంటారు. చూసిపెట్టవు. తాళాలు తెచ్చి చేతిలో పెట్టవు, మన తరఫున ఓనరుతో బేరమాడవు. అయినా టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో దిగిన కొత్తలో మా కుటుంబానికి అద్దె విషయంలో అందరికంటే ఎక్కువ పనికొచ్చింది ఈ సేవే. ఐదుకు నాలుగు ఇస్తున్నాను.

ఫెడరల్ ఇమిగ్రేషన్ శాఖ, అందరూ ఐఆర్‌సీసీ అంటారు, స్థానిక సంస్థలకు డబ్బిచ్చి ఈ పని చేయిస్తుంది. టొరంటో చుట్టుపక్కల 1952 నుంచి ఉన్న కోస్టి, వైఎంసీఏ లాంటివి ఇలా సేవలందించేవే. మన దగ్గర పైసా తీసుకోరు. ఎవరికి ఏది దగ్గరైతే అక్కడికి వెళ్తారు కాబట్టి ఒక ఆఫీసు గురించి కాక ఈ సేవ గురించే రాస్తున్నాను.

మేము వెళ్ళేనాటికి ఒక బేస్‌మెంట్ దాదాపు ఖాయమైపోయింది. తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన ఇల్లు, బాబు స్కూలుకు నడిచి వెళ్ళేంత దూరం. "మీకు ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేదు కదా, ఆరు నెలల అద్దె ముందే కట్టండి, డ్యామేజ్ డిపాజిట్ వేరే" అన్నాడు ఓనరు. క్రెడిట్ హిస్టరీ అంటే అప్పులూ బిల్లులూ సకాలంలో కట్టిన రికార్డు. మన ఊళ్ళో అడ్వాన్సులు అలవాటే కాబట్టి మావారికి అందులో తప్పేమీ కనిపించలేదు. కొత్తచోటు, అలాగే ఉంటుందేమో అనుకున్నాం.

మాకు దొరికిన కౌన్సెలర్ జాఫ్నా నుంచి వచ్చి స్థిరపడిన తమిళావిడ. "సంతకం పెట్టలేదు కదా? అయితే కూర్చోండి" అని మా రాష్ట్రం ఒంటారియో వాళ్ళ స్టాండర్డ్ లీజు ఫారం ప్రింటు తీసి మా ముందు పెట్టారు. 2018 ఏప్రిల్ 30 నుంచి చేసుకునే మామూలు ఇంటి అద్దె ఒప్పందాలన్నీ ఈ ఫారం మీదే ఉండాలి. ఎనిమిదో సెక్షన్ దగ్గర పెన్ను పెట్టి మాతోనే చదివించారు. ఓనరు డిపాజిట్‌గా అడగగలిగేది ఒక్క నెల అద్దె. అది కూడా చివరి నెల అద్దె కిందే చెల్లాలి, దాని మీద ఏటా వడ్డీ ఇవ్వాలి. తొమ్మిదోది తాళాల డిపాజిట్, తాళం చేయించడానికి అయ్యే ఖర్చుకు మించకూడదు, వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలి. డ్యామేజ్ డిపాజిట్ అనేదే లేదు. పోస్ట్‌డేటెడ్ చెక్కులు మనం ఇష్టపడి ఇస్తే సరే, ఇచ్చి తీరాలని పట్టుబట్టకూడదు. ఆరో సెక్షన్‌లో కరెంటు, హీటింగ్, నీళ్ళ బిల్లు ఎవరు కట్టాలో ఒక్కోదానికీ టిక్కు పెట్టించుకోమన్నారు. చలికాలంలో హీటింగ్ బిల్లు చూశాక ఆ మాట విలువ తెలిసింది.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న మాకు తట్టనే లేదు: "వంటిల్లు మీకు విడిగా ఉందా, ఓనరుతో కలిపి వాడుకోవాలా?" ఓనరుతోనో ఆయన కుటుంబంతోనో వంటగదిగానీ బాత్రూమ్‌గానీ పంచుకోవాల్సి ఉంటే అద్దెదారుల చట్టం మనకు వర్తించదట. మనవాళ్ళు చాలామంది మొదట తెలిసిన తెలుగువాళ్ళింట్లో ఒక గది తీసుకుంటారు, భోజనానికీ మాటకూ తోడుంటుందని. తీసుకోండి, కానీ అక్కడ మాట తేడా వస్తే అద్దె తగాదాలు తీర్చే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డు మీ గోడు వినదని తెలిసి తీసుకోండి. ఇంకో సంగతి, మిస్సిసాగాలోనూ బ్రాంప్టన్‌లోనూ బేస్‌మెంట్‌ను విడి యూనిట్‌గా అద్దెకివ్వాలంటే సిటీలో రిజిస్టర్ చేయించాలి. చేయించారో లేదో అడిగి తెలుసుకోండి.

చట్టం తెలిసినంత మాత్రాన ఇల్లు వచ్చేయదు. ఆ ఓనరు ఆరు నెలల మాట వదల్లేదు, మేము ఆ ఇల్లు వదిలేశాం. కౌన్సెలర్ సలహాతో ఉద్యోగం ఆఫర్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు, హైదరాబాద్‌లో అద్దెకున్న ఇంటి ఓనరు రాసిచ్చిన ఉత్తరం ఒక ఫైలుగా పెట్టుకుని అపార్ట్‌మెంట్ ఆఫీసుల చుట్టూ తిరిగాం. క్రెడిట్ హిస్టరీ లేకపోవడాన్ని లోపంగా చూడకూడదని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ చెప్పిన మాట కూడా ఆవిడే ప్రింటు తీసిచ్చారు. చివరికి ఒక పాత బిల్డింగ్‌లో చివరి నెల డిపాజిట్‌తోనే ఇల్లు దొరికింది. లిఫ్టు నెమ్మది, కిచెన్ క్యాబినెట్లు పాతవి. కానీ 2018 నవంబరు 15 తర్వాత మొదటిసారి జనం చేరిన ఇళ్ళకు అద్దె పెంపు పరిమితి లేదు, పాతవాటికి ఉంది. 2025లో అది 2.5 శాతం, 2026కి 2.1 శాతం. కొత్త కాండోల (విడివిడిగా అమ్మే అపార్ట్‌మెంట్ల) మెరుపు చూసి మనసు పారేసుకునేవాళ్ళు ఈ లెక్క వేసుకోవాలి.

మిగతా పనులు చకచకా అయిపోయాయి. ఉద్యోగానికి కావాల్సిన సిన్ నంబరు, స్కూల్లో చేర్పించడం, పిల్లల కోసం ప్రభుత్వమిచ్చే చైల్డ్ బెనిఫిట్‌కు ఆర్‌సీ66 ఫారం, మా అత్తగారికి లింక్ అనే ఉచిత ఇంగ్లీషు క్లాసుల కోసం అసెస్‌మెంటు, అన్నీ వాళ్ళు దారి చూపించినవే. ఒంటారియోలో ప్రభుత్వ వైద్యానికి కావాల్సిన హెల్త్ కార్డుకు మూడు నెలలు ఆగాలని వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతోంది. 2020 మార్చిలోనే ఆ నిబంధన తీసేశారు.

ఒక పాయింటు ఎందుకు తగ్గించానంటే, ఈ సేవ అందరికీ లేదు. పీఆర్‌లకు, శరణార్థులకు ఉంది. మా తమ్ముడు బ్రాంప్టన్‌లో చదువుకుంటున్నాడు. స్టడీ పర్మిట్ మీద ఉన్నవాళ్ళకు ఈ ఫెడరల్ నిధులు వర్తించవు. పందొమ్మిదేళ్ళ పిల్లలు రసీదైనా లేకుండా నగదు చేతిలో పోసి బేస్‌మెంట్లలో నలుగురైదుగురు సర్దుకుంటున్నారు, ఆ లీజు ఫారం అందరికంటే ముందు అందాల్సింది వాళ్ళకే. ఈ నిబంధన మారాలని గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా విద్యార్థులు 211కు ఫోన్ చెయ్యండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, వీసాతో పని లేకుండా సాయం చేసే సంస్థలు దగ్గర్లో ఏమున్నాయో చెప్తారు. కాలేజీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో కూడా అడగండి. స్టాండర్డ్ లీజు ఫారం ఒంటారియో ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, ఎనిమిదీ తొమ్మిదీ సెక్షన్లు చదివాకే డబ్బు బయటికి తీయండి.