జాగ్రత్త: ‘జురాసిక్ వరల్డ్ రీబర్త్’ మీద డబ్బు పెట్టే ముందు

జురాసిక్ సిరీస్‌లో ఏడో సినిమాను ఇంకా చూడనివాళ్లు, చూడటానికి డబ్బు కట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఇంట్లో అద్దెకు తీసుకుని చూద్దామనుకున్నా, డిస్కు కొందామనుకున్నా, ఎక్కడైనా మళ్లీ త్రీడీలో వేస్తే పిల్లల్ని తీసుకెళ్దామనుకున్నా ఇది మీకోసమే రాస్తున్నాను. 1993 నాటి ‘జురాసిక్ పార్క్’ మీద మీకు ఎంత ఇష్టం ఉంటే ఈ కొత్త సినిమా మిమ్మల్ని అంత బాధపెడుతుంది. ఆ ఇష్టాన్ని చూసుకునే మన దగ్గర టికెట్ డబ్బులు తీసుకున్నారు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

కథ చెప్పకుండా ఈ హెచ్చరిక చేయడం కుదరదు. ముగింపు కూడా చెప్పేస్తాను. తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. వాళ్లకు చెప్పేది ఒక్కటే: పూర్తి ధర పెట్టవద్దు, త్రీడీకి అదనంగా అసలే పెట్టవద్దు.

2025 జులైలో ఇది విడుదలైనప్పుడు మనకు ఏమని చెప్పారో గుర్తుచేసుకోండి. మొదటి సినిమాకు, దాని మూల నవల రాసిన మైకేల్ క్రైటన్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన డేవిడ్ కెప్ తిరిగి వచ్చారన్నారు. పాత రోజుల భయం, పాత రోజుల అబ్బురం మళ్లీ చూస్తామన్నారు. దర్శకుడు గారెత్ ఎడ్వర్డ్స్ సామాన్యుడు కాదు. 2014లో ‘గాడ్జిల్లా’, 2016లో ‘రోగ్ వన్’ తీసి, కొండంత ఆకారం పక్కన మనిషి ఎంత చిన్నవాడో కళ్లకు కట్టినట్టు చూపించిన మనిషి. నటుల్లో స్కార్లెట్ జొహాన్సన్, మహర్షలా అలీ, జొనాథన్ బెయిలీ ఉన్నారు. ఈ పేర్లు చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది. ఇంటిల్లిపాదికీ తెలుగు డబ్బింగ్ త్రీడీ ఆటకు టికెట్లు తీసుకున్నాను. ఆ మల్టీప్లెక్స్‌లో కళ్లజోళ్లకు వేరే వసూలు చేశారు.

సినిమా మొదలవుతూనే ఒక పెద్ద వాగ్దానాన్ని రద్దు చేస్తుంది. 2018లో వచ్చిన ఐదో సినిమా చివర్లో డైనోసార్లను మనుషుల ప్రపంచంలోకి వదిలేశారు. ఇక వాటితో కలిసి ఎలా బతకాలన్నదే కథ అని మనల్ని నాలుగేళ్లు ఎదురుచూడనిచ్చారు. 2022లో వచ్చిన ‘డొమినియన్’ ఆ కథ వదిలేసి మిడతల దండు వెంట పడింది. రాక్షసబల్లుల సినిమాలో మిడతలు! పోనీలే, తర్వాతి దానిలోనైనా చెబుతారనుకుంటే, ‘రీబర్త్’ ప్రారంభంలోనే తేల్చేశారు. ఇప్పటి వాతావరణం, జబ్బులు పడక చాలా డైనోసార్లు చనిపోయాయట. మిగిలినవి భూమధ్యరేఖ దగ్గరి ప్రాంతాల్లోనే ఉన్నాయట. అక్కడికి ఎవరూ వెళ్లకూడదట. రెండు సినిమాలుగా కట్టుకుంటూ వచ్చినదంతా నాలుగు మాటల్లో పోయింది. ఆ రెండు సినిమాలకూ డబ్బు కట్టింది మనమే కదా.

అంతకంటే నన్ను నొప్పించినది ఇంకొకటి ఉంది. న్యూయార్క్‌లో జబ్బుపడిన ఒక పెద్ద శాకాహార డైనోసార్ దారికి అడ్డంగా పడి ఉంటే, జనం దాన్ని కన్నెత్తి చూడకుండా ట్రాఫిక్ ఆగిందని విసుక్కుంటారు. మ్యూజియంలో డైనోసార్ల ప్రదర్శన మూసేస్తుంటారు, చూసేవాళ్లు లేరని. ప్రపంచానికి వీటి మీద ఆసక్తి పోయిందని సినిమానే చెబుతోంది. ఎవరికి పోయింది? సెలవు రోజున ఇల్లు కదిలి, వరుసలో నిలబడి లోపలికి వచ్చినవాళ్లకు పోలేదు. నా పక్క సీట్లో ఒక చిన్నబాబు ప్రతి జంతువు పేరూ వాళ్ల నాన్నకు చెబుతూ కూర్చున్నాడు. ఆసక్తి పోయింది తీసినవాళ్లకేనని ఆ సన్నివేశం చూస్తున్నప్పుడే అర్థమైంది. తర్వాత జరిగిందంతా దానికి రుజువు.

అసలు కథ ఇది. గుండెజబ్బుకు మందు తయారుచేయాలనుకున్న ఒక మందుల కంపెనీకి మూడు భారీ జీవుల రక్తం కావాలి, అదీ అవి బతికి ఉండగానే. నీటిలో మోసాసారస్, నేల మీద టైటనోసారస్, ఆకాశంలో క్వెట్జల్‌కోట్లస్. కాస్త చదువుకున్న పిల్లవాడిని అడిగినా చెబుతాడు: మోసాసారస్ సముద్రపు సరీసృపం, క్వెట్జల్‌కోట్లస్ ఎగిరే టెరోసార్, రెండూ డైనోసార్లు కావు. డైనోసార్ల సినిమాలో హీరోలు వెదికే మూడింటిలో డైనోసార్ ఒక్కటే. ఇక చివరి విలన్ అయితే ఏ శిలాజానికీ చెందదు. ప్రయోగశాలలో వికటించి పుట్టిన, ఆరు కాళ్లు చేతులతో ఉబ్బిన తల వేసుకుని తిరిగే ఒక వికృతాకారం. దానికి తోడు ఎగిరే జీవి లక్షణాలూ, రాప్టర్ అనే వేటాడే డైనోసార్ లక్షణాలూ కలిపిన మరో కల్తీ జాతి. ఇలాంటివి మరే రాక్షస సినిమాలోనైనా దొరుకుతాయి. ఒకప్పుడు ఈ భూమి మీద నిజంగా నడిచిన ప్రాణి మన ముందు ఊపిరి పీలుస్తోందన్న నమ్మకం ఈ సిరీస్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు. అది లేనప్పుడు ఆ పేరు చూసి ఎందుకు కొనాలి?

ఆ ఒక్క డైనోసార్ గురించి మనవాళ్లకు తెలియాల్సిన సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. టైటనోసారస్ అనే పేరు మన దేశంలో దొరికిన ఎముకలకు పెట్టినది. జబల్‌పూర్ దగ్గర బయటపడిన వాటిని చూసి 1877లో శాస్త్రవేత్త రిచర్డ్ లిడెకర్ ఆ పేరు ఖాయం చేశారు. చాలా కొద్ది ఎముకలే దొరకడంతో ఆ జాతి వేరుగా నిలబడుతుందా అన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ ప్రశ్నించే విషయం. తెర మీద కొరడాల్లాంటి తోకలతో కనిపించేది చాలావరకు ఊహే.

ప్రమాదం ఎలా మొదలైందో చూడండి. మొదటి సినిమాలో నెడ్రీ అనే కంప్యూటర్ ఉద్యోగి డబ్బుకు ఆశపడి డైనోసార్ పిండాలను (ఎంబ్రియోలను) దొంగిలించడానికి కంచెల కరెంటు ఆపేస్తాడు. అదే రాత్రి తుఫాను వస్తుంది. ఒక మనిషి దురాశకు, పార్కు యజమాని గర్వానికి, ప్రకృతి తోడై కథ నడుస్తుంది. ‘రీబర్త్’లో ఒక ఉద్యోగి చాక్లెట్ తిని పారేసిన కాగితం తలుపు యంత్రంలో ఇరుక్కుంటుంది, భద్రతా వ్యవస్థ మొత్తం కూలిపోతుంది. ఇంత ప్రమాదకరమైన మృగాన్ని బంధించిన చోట ఒక చాక్లెట్ కాగితానికి తలుపు తెరుచుకుంటే, ఆ తర్వాత చూపించే ఏ ప్రమాదాన్ని నమ్మాలి? పైగా ఆ చాక్లెట్ ఏ కంపెనీదో అందరికీ కనిపించేలా చూపిస్తారు. తర్వాత ఒక పాడుబడిన దుకాణంలో జరిగే వెంటాటలోనూ అరల నిండా సరుకుల పేర్లే. టికెట్ కొని లోపలికి వచ్చినవాళ్లకు మళ్లీ ప్రకటనలు ఎందుకు చూపాలి?

భయం కూడా లేదు. మొదటి సినిమాలో పార్కు జంతువుల కాపలాదారు మల్డూన్‌కు రాప్టర్ల గురించి అందరికంటే ఎక్కువ తెలుసు. ఆయనే వాటికి చిక్కిపోతాడు. అంతటివాడే పోతే ఆ పిల్లల గతి ఏమిటని మనం వణికిపోయాం. ఇక్కడ చనిపోయేవాళ్లు పేరు గుర్తుండేలోపే చనిపోతారు. పడవ మునిగి కథలోకి వచ్చిపడిన తండ్రి, ఇద్దరు కూతుళ్లు, పెద్దమ్మాయి స్నేహితుడు, వీళ్లకు ఏమీ కాదని మొదటి ప్రమాదంలోనే తెలిసిపోతుంది. కంపెనీ మనిషి చివర్లో చస్తాడని కూడా అప్పుడే తెలిసిపోతుంది. అలీ పాత్ర వెలుగుతున్న మంటను చేతపట్టి మృగాన్ని తనవైపు తిప్పుకుంటుంది. అంత మంచి నటుడు ఆ త్యాగాన్ని మన గుండెకు తాకేలా చేశాక, కొద్దిసేపటికే ఆయన క్షేమంగా బయటపడతాడు. పెట్టుకున్న కన్నీళ్లను కూడా వెనక్కు తీసుకోమన్నట్టు అనిపించింది.

బాగున్నవి బాగున్నాయనే చెబుతాను. నది మీద గాలితో నింపిన పడవలో ఆ కుటుంబం, ఒడ్డున నిద్రపోతున్న టీ-రెక్స్, ఆ సన్నివేశం అచ్చమైన జురాసిక్. అది 1990 నాటి క్రైటన్ నవలలో ఉంది, మొదటి సినిమాలో తీయకుండా వదిలేశారు. ఇన్నేళ్లకు తెర మీదకు వచ్చింది. గడ్డిమైదానంలో టైటనోసారస్ జంట మెడలు పెనవేసుకుంటుంటే మొదటి సినిమాకు సంగీతం ఇచ్చిన జాన్ విలియమ్స్ పాత బాణీ వినిపించినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అయితే ఈ రెండూ పాతవాటి సొత్తు. కొత్తగా రాసినదాంట్లో ఇలా గుర్తుండిపోయేది వెదికినా దొరకదు.

ఇంత పేరున్నవాళ్లు కలిసి ఇలా ఎందుకు తీశారన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఒక్కటే: తొందర. విడుదల తేదీ ముందే ఖాయమైంది, ఎడ్వర్డ్స్ ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో వచ్చారు, జూన్‌లో థాయిలాండ్‌లో చిత్రీకరణ మొదలైంది, మరుసటి ఏడాది జులైకి సినిమా థియేటర్లలో ఉంది. గ్రాఫిక్స్ నిండిన ఇంత పెద్ద సినిమాకు ఏడాదిన్నర కూడా దక్కలేదు. మొదటి సినిమాలో నీళ్ల గ్లాసులో అలలు రావడం కోసం కారు డ్యాష్‌బోర్డు కింద గిటారు తీగ బిగించి మీటారు. వానలో తడిసిన టీ-రెక్స్ భారీ బొమ్మ నీళ్లు పీల్చుకుని వణికిపోతుంటే తువ్వాళ్లతో తుడిచి ఆరబెట్టి మళ్లీ తీశారు. 127 నిమిషాల ఆ సినిమాలో డైనోసార్లు కనిపించేది పావుగంట మాత్రమే. టీ-రెక్స్ పూర్తిగా కనిపించడానికి గంటసేపు ఆగాలి. ఆ గంటలో ఎవరికైనా విసుగు పుట్టిందా?

ఇక కొనేవాళ్లకు పనికొచ్చే సంగతులు. త్రీడీ గురించి ముందు చెబుతాను. ఈ సినిమాను 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద మామూలుగానే చిత్రీకరించి, లోతును తర్వాత కంప్యూటర్‌లో చేర్చారు. త్రీడీ కళ్లజోడు తెర వెలుగులో పెద్ద భాగాన్ని మింగేస్తుంది. చివరి భాగంలో ముఖ్యమైనవన్నీ రాత్రిపూట, గుహల్లో, సొరంగాల్లో, ఎర్రటి మంటల వెలుగులో జరుగుతాయి. నేను చూసిన ఆటలో చివరి మృగం ఎక్కడుందో, పొగ ఎక్కడుందో వేరు చేయలేకపోయాను. మా అమ్మ కళ్లజోడు తీసేసి కూర్చుంది. చూడాలనే ఉంటే మామూలు తెర మీదే చూడండి. అమెరికాలో దీనికి పీజీ-13 (పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులకు హెచ్చరిక) ఇచ్చారు, మొదటి పది నిమిషాల్లోనే ఒక మనిషి అద్దం అవతల చిక్కుకుని చనిపోయే ఘట్టం ఉంది. చిన్నపిల్లలుంటే మీరు ముందు చూసి నిర్ణయించుకోండి.

సిరీస్ మొత్తాన్ని ఒకే పెట్టెలో పెట్టి అమ్మేవి కొనేటప్పుడు వెనక అట్ట మీద భాషల వివరం చదవండి. తెలుగు ఆడియో ఉందో లేదో అక్కడే తెలుస్తుంది, కవరు చించాక వెనక్కి తీసుకోరు. ‘డొమినియన్’ కొంటున్నట్టయితే నిడివి చూడండి. థియేటర్లలో వేసింది 2 గంటల 27 నిమిషాలు. దానికి దాదాపు 14 నిమిషాలు కలిపిన పొడవైన రూపం తర్వాత విడిగా వచ్చింది. కోట్ల ఏళ్ల కిందటి భూమిని, అప్పటి టీ-రెక్స్‌ను చూపించే తొలి ఘట్టం అందులో ఉంది. ప్రచారానికి వాడుకున్న ఆ ఘట్టాన్నే థియేటర్‌లో డబ్బు కట్టినవాళ్లకు చూపించలేదు. ఇప్పుడు పొట్టి రూపానికి మళ్లీ డబ్బు పెట్టకండి.

పిల్లలకు డైనోసార్లంటే పిచ్చి అయితే, అదే డబ్బుతో హైదరాబాద్ వచ్చినప్పుడు బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అస్థిపంజరం అక్కడ నిలబెట్టి ఉంది. జురాసిక్ యుగానిది. దానికి 1988లో పేరు పెట్టిన శాస్త్రవేత్త పి. యాదగిరి. మన నేలలో దొరికిన ఆ ఎముకల కింద నిలబడితే పిల్లలు అడిగే ప్రశ్నలకు సాయంత్రం వరకూ జవాబులు చెప్పాల్సి వస్తుంది.

‘రీబర్త్’ ప్రపంచవ్యాప్తంగా 86 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది, కాబట్టి సిరీస్ ఇక్కడితో ఆగుతుందని నేను అనుకోవడం లేదు. తర్వాతిది వచ్చినప్పుడు మొదటి రోజు టికెట్లకు ఎగబడకండి. రెండు రోజులు ఆగి, మొదటి సినిమాను ప్రేమించినవాళ్లు ఏమంటున్నారో అడిగి తెలుసుకోండి. ‘రీబర్త్’ మటుకు మీరు ఇప్పటికే చందా కడుతున్న చోటికి వస్తే అప్పుడు చూడండి, పడవ సన్నివేశం కోసం.